కాస్ట్రో రాత్రి: అద్దాల బార్ నుంచి ఆఖరి రైలు దాకా

శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్కెట్, కాస్ట్రో, 17వ వీధి మూడూ కలిసే మూల మీద ట్విన్ పీక్స్ టావర్న్ అనే బార్ ఉంది. చిరునామా 401, కాస్ట్రో వీధి. ట్రాము దిగినా, భూగర్భ స్టేషను మెట్లెక్కి పైకొచ్చినా మొదట కంటబడేది అదే. బయట రంగురంగుల నియాన్ బాణం, రెండు వీధుల వైపూ నిలువెత్తు అద్దాలు. లోపల ఎవరు కూర్చున్నారో, ఏం తాగుతున్నారో, ఎవరు ఎవరి భుజం మీద చెయ్యి వేశారో రోడ్డు మీద పోయే వాళ్లందరికీ కనిపిస్తుంది. కాస్ట్రో ఈ ఊళ్లో గే మనుషుల పేట. ఈ ఊరి క్వీర్ రాత్రుల గురించి, అంటే గే, లెస్బియన్ లాంటి వాళ్లందరి రాత్రుల గురించి చెప్పాలంటే ఆ అద్దం దగ్గరే మొదలుపెట్టాలి.

1972లో మేరీ ఎలెన్ కున్హా, పెగీ ఫోర్స్టర్ అనే ఇద్దరు లెస్బియన్ స్నేహితురాళ్లు ఈ బార్ కొన్నారు. కిటికీలకు ఉన్న మూతలు తీయించి, అద్దాలు బయటపెట్టారు. అప్పటిదాకా గే బార్ అంటే కిటికీ లేని గోడ, లేదా నల్లరంగు పూసిన అద్దం. కారణం తెలిసిందే. పోలీసులు దాడి చేసేవాళ్లు, పట్టుబడిన వాళ్ల పేర్లు పేపర్లో పడేవి, పేరు పడితే ఉద్యోగం పోయేది. గే మనుషులు ఒకచోట చేరినంత మాత్రాన బార్ లైసెన్సు తీసెయ్యడానికి వీల్లేదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1951లోనే చెప్పింది. అయినా దాడులు ఆగలేదు. అలాంటి రోజుల్లో వీధిలోకి తెరుచుకున్న అద్దం పెట్టడమంటే చిన్న సాహసం కాదు. 2013లో నగరం ఈ భవనాన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది.

బార్‌గా ఎలా ఉందంటే, చాలా బాగుంది. డీజే లేడు, డాన్సు ఫ్లోర్ లేదు. పక్కవాడి మాట వినపడే చప్పుడులోనే పాటలు వస్తాయి. రంగుటద్దాల దీపాలు, చెక్క బల్ల, పైన చిన్న మిద్దె. ఐరిష్ కాఫీ ఇక్కడ ఖాయంగా తాగాల్సిన వస్తువు: వేడి కాఫీ, విస్కీ, చక్కెర, పైన కలిసిపోకుండా తేలే క్రీము. స్ట్రా వెయ్యరు, కలపకూడదు. చల్లటి క్రీము గుండా వేడి కాఫీ నోట్లోకి రావాలి. మందు తాగని వాళ్లు సోడా, నిమ్మరసం అడిగితే ఎవరూ వింతగా చూడరు. వచ్చేవాళ్లలో అరవై దాటిన వాళ్లే ఎక్కువ. ఎయిడ్స్ ఈ వీధిని ఖాళీ చేసిన ఏళ్లను దాటి మిగిలిన వాళ్లు వీళ్లలో ఉంటారు. పక్క కుర్చీలో కూర్చుని "ఈ వీధిలో ఎన్నేళ్లుగా ఉంటున్నారు?" అని ఒక్క ప్రశ్న అడగండి చాలు. ఏ గైడూ చెప్పని కాస్ట్రో మీ ముందుకొస్తుంది.

ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. సన్నీవేల్, ఫ్రీమాంట్, మిల్‌పిటాస్‌లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే. శని, ఆదివారాల్లో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఊరు చూపించే వాళ్లు ఈ కూడలి మీదుగానే ట్విన్ పీక్స్ కొండ ఎక్కుతారు. తాము గే అని ఇంట్లో ఇంకా చెప్పని వాళ్లు అద్దం పక్క కుర్చీలో కూర్చోవద్దు. కౌంటరు లోపలి చివర గానీ, మిద్దె మీద గానీ కూర్చుంటే వీధిలోంచి ఆనవాలు పట్టలేరు. అద్దం పక్కన కూర్చోవాలా వద్దా అన్నది ఎవరికి వాళ్లు, తమకు వీలైన రోజున తేల్చుకోవాల్సిన విషయం.

సమయం విషయంలో చాలామంది పొరపడతారు. హైదరాబాద్ పబ్బుల అలవాటుతో రాత్రి 10 దాటాక బయలుదేరతారు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం రాత్రి 2 నుంచి ఉదయం 6 దాకా మద్యం అమ్మకూడదు. 1:30 దాటగానే ఆఖరి ఆర్డరు పిలుస్తారు, 2 కల్లా గ్లాసులు లాగేస్తారు. అందుకే ఇక్కడి రాత్రి సాయంత్రం 4, 5 గంటలకే మొదలవుతుంది. ఒంటరిగా వచ్చిన వాళ్లకు 5 నుంచి 8 మధ్య వేళే మంచిది. కుర్చీ దొరుకుతుంది, పోసేవాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది, చాలా చోట్ల రేట్లు కూడా తగ్గిస్తారు. 10 తర్వాత కొత్తవాళ్లకు దొరికేది చప్పుడూ, నిలబడే చోటూ.

తలుపు దగ్గర వయసు చూస్తారు. 21 నిండాలి. తల నెరిసినా కార్డు అడుగుతారు. కాలిఫోర్నియా లైసెన్సు ఉంటే చిక్కే లేదు. ఇండియా నుంచి వచ్చిన వాళ్లకు అసలు పాస్‌పోర్టు తప్ప వేరే దారి లేదనుకోండి. ఆధార్ పనికిరాదు, మన డ్రైవింగ్ లైసెన్సు చూసి చాలామంది తల అడ్డంగా ఊపుతారు, ఫోన్లో ఫొటో చూపిస్తే అసలు కుదరదు. పాస్‌పోర్టు పోతే ఏమవుతుందో తెలుసు కాబట్టి జిప్పున్న లోపలి జేబులో పెట్టుకోండి, ప్యాంటు వెనక జేబులో వద్దు. అక్కడే ఉద్యోగం చేసుకుంటూ కారు నడపని వాళ్లు లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసులో లైసెన్సు బదులు గుర్తింపు కార్డు తీసుకుంటే ఈ భయం ఉండదు.

డబ్బు లెక్క ఇది. బీరు 7 నుంచి 9 డాలర్లు, కాక్‌టెయిల్ 12 నుంచి 16. డాన్సు ఉన్న రాత్రి తలుపు దగ్గర 10 నుంచి 20. టిప్పు బీరుకు 1, కాక్‌టెయిల్‌కు 2, ట్యాబ్ తెరిస్తే, అంటే కార్డు బార్‌లో ఇచ్చి చివర్లో ఒకేసారి కడితే, మొత్తం మీద 20 శాతం. మొదటి గ్లాసుకు బాగా టిప్పిస్తే రెండోసారి జనంలో మీ వైపు ముందు చూస్తారు, ఇది ప్రతి బార్‌లోనూ పనిచేస్తుంది. కొన్ని పాత బార్లు కార్డు తీసుకోవు, 40 డాలర్లు నోట్లుగా ఉంచుకోండి. కొత్తవాళ్లకు తరచూ జరిగేది ఇంకోటుంది: ట్యాబ్ తెరిచి కార్డు బార్‌లో వదిలేసి, రైలు టైమైందని పరుగెత్తడం. కార్డు మర్నాడు మధ్యాహ్నం బార్ తెరిచే దాకా దొరకదు, టిప్పు వాళ్లే వేసుకుంటారు. ఎప్పటికప్పుడు కట్టేస్తూ పోవడం మేలు.

ఇక చలి. జూలై అని చొక్కాతో వచ్చేస్తారు. పగలు కాస్ట్రోలో ఎండే ఉంటుంది, వెనక కొండ సముద్రపు పొగమంచును ఆపుతుంది. సాయంత్రం 6 అయ్యేసరికి ఆ మంచు కొండ దాటి కిందికి జారుతుంది, గాలి మొదలవుతుంది, వేడి 12, 13 డిగ్రీలకు పడిపోతుంది. బార్ బయట వరుసలో 20 నిమిషాలు నిలబడితే పళ్లు కొట్టుకుంటాయి. గాలి దూరని జాకెట్ తప్పనిసరి. కారులో వస్తే సీటు మీద ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాగు వదలొద్దు. ఖాళీ బ్యాగైనా సరే, కనిపిస్తే అద్దం పగులుతుంది. కంపెనీ ల్యాప్‌టాప్ ఎక్కడ పోయిందో సోమవారం మేనేజరుకు రాసివ్వాల్సి వస్తుంది, చాలామందికి అసలు భయం అక్కడే.

పగటి పూట ఒక గంట ఉంటే 4127, 18వ వీధిలో క్వీర్ మనుషుల చరిత్ర చూపే జీఎల్‌బీటీ చరిత్ర మ్యూజియం చూడండి. 2011లో తెరిచారు. కొట్టు గది అంతే ఉంటుంది, 45 నిమిషాల్లో అయిపోతుంది. గిల్బర్ట్ బేకర్ బృందం 1978లో చేత్తో రంగులద్ది కుట్టిన మొదటి ఇంద్రధనుస్సు జెండా, అంటే క్వీర్ మనుషుల జెండా, ముక్క ఇక్కడుంది. దగ్గరికెళ్లి చూస్తే అద్దకంలో రంగు ఒక్కలా పట్టలేదు, ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంది. ఇవాళ ప్రతి కంపెనీ జూన్ నెలలో తగిలించుకునే జెండా మనుషుల చేతుల్లోంచి పుట్టిందని ఆ గుడ్డ చూస్తేనే తెలుస్తుంది. దాంతోపాటు 575 కాస్ట్రో వీధి ముందు ఒక్క నిమిషం ఆగండి. గే నాయకుడు హార్వే మిల్క్ కెమెరా దుకాణం నడిపిన చోటు అది. 1977లో నగర సూపర్‌వైజరుగా, అంటే నగర పాలకమండలి సభ్యుడిగా గెలిచాడు, 1978 నవంబర్ 27న మేయర్ మాస్కోనీతో పాటు సిటీ హాల్లో కాల్చి చంపేశారు. కాలిబాట మీద కంచు ఫలకాలు కనిపిస్తాయి, తొక్కకుండా చదువుతూ నడవండి.

చీకటి పడ్డాక 18వ వీధి మీద నాలుగడుగులకో బార్. అన్నీ చూడాలని పరుగెత్తితే ఏదీ గుర్తుండదు, రెండు చాలు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు మొదటి సిఫారసు మోబీ డిక్. కౌంటరు పైన పెద్ద చేపల తొట్టి, పక్కన పూల్ బల్ల, పిన్‌బాల్ యంత్రాలు. ఎవరితో మాట్లాడాలో తెలియని మొదటి పది నిమిషాలు ఆ చేపలు కాపాడతాయి. పూల్ బల్ల మీద వరుస అడిగితే మాట దానంతటదే కలుస్తుంది. మిడ్‌నైట్ సన్ 1971 నుంచి ఉంది, తెరల మీద వీడియోలు నడుస్తుంటాయి, పాటలకు అందరూ గొంతు కలుపుతారు. లుకౌట్‌కు మార్కెట్ వీధి మీదికి బాల్కనీ ఉంది, శని, ఆదివారాల మధ్యాహ్నాలు అక్కడ గడపాలి. హై టాప్స్ ఆటల బార్, క్రికెట్ మాత్రం ఆశించొద్దు. డాన్సు కావాలంటే బో, బాడ్‌ల్యాండ్స్. రెండూ శుక్ర, శనివారాల్లో 11 దాటాక కిక్కిరిసిపోతాయి. కుర్రకారు ఎక్కువ, పాప్ పాటలు ఎక్కువ. నిజం చెప్పాలంటే డాన్సు కోసమే అయితే ఇంత దూరం రానక్కర్లేదు, ఏ పెద్ద ఊళ్లోనైనా ఇంతకంటే మంచి ఫ్లోర్ దొరుకుతుంది. కాస్ట్రో గొప్పతనం కూర్చుని మాట్లాడుకోవడంలో ఉంది.

డ్రాగ్ ప్రదర్శన మాత్రం వదలొద్దు. స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి విని, వేదాంతం సత్యనారాయణ శర్మ గారి భామాకలాపం చూసి మురిసిన జాతి మనది, మగవాడు ఆడవేషం కట్టడం మనకు కొత్తేమీ కాదు. తేడా ఒక్కటే. అక్కడ వేషం పాత్రలో కలిసిపోవాలి, డ్రాగ్‌లో వేషం వేషంగానే మెరవాలి. పాట పెదవులకు అతకాలి, కనుబొమలు నుదుటి మధ్యకెక్కాలి, జడ కంటే విగ్గు పెద్దదవ్వాలి. ప్రేక్షకుల పని టిప్పు. వెళ్లేముందే 20 డాలర్లను ఒక్కో డాలరు నోట్లుగా మార్చుకోండి. నోటును నిలువుగా మడిచి, చెయ్యి చాపి పట్టుకుంటే ఆవిడే వచ్చి తీసుకుంటుంది. వేదిక మీదికి విసరొద్దు, ఒంట్లో దోపబోవద్దు, విగ్గూ గౌనూ ముట్టుకోవద్దు. ఒక్కో ముస్తాబుకు రెండు, మూడు గంటలు పడుతుంది, బార్ ఇచ్చే డబ్బు మేకప్‌కే సరిపోదు. మీ డాలరే ఆవిడ ఆదాయం.

ఒకే రాత్రి ఉన్నవాళ్లకు కాస్ట్రో. ఆదివారం మధ్యాహ్నం కూడా చేతిలో ఉంటే సోమా వెళ్లాలి. మార్కెట్ వీధికి దక్షిణాన, ఒకప్పటి గోదాముల పేట అది. 12వ వీధిలో ఈగిల్ అని 1981 నాటి లెదర్ బార్, అంటే తోలు దుస్తులు ఇష్టపడే గే మగవాళ్ల బార్ ఉంది. ఆదివారాలు మధ్యాహ్నం 3 నుంచి బీర్ బస్ట్ జరుగుతుంది: ఒకసారి డబ్బు కట్టి గ్లాసు తీసుకుంటే ముగిసేదాకా నింపుతూనే ఉంటారు, వచ్చిన సొమ్ములో భాగం ఏదో ఒక సేవాసంస్థకు పోతుంది. తోలు కోట్లు, గడ్డాలు, బూట్లు చూసి బెదరకండి, ఈ ఊళ్లో ఇంత మర్యాదగా పలకరించే చోటు తక్కువ. ఆదివారం జీన్సు, బనీను చాలు. లావుగా, ఒంటి నిండా వెంట్రుకలతో ఉన్న మగవాళ్లను ఇక్కడ బేర్స్ అంటారు, వాళ్ల అడ్డా హారిసన్ వీధిలోని లోన్ స్టార్. జిమ్ ఒళ్లు లేదని డేటింగ్ యాప్‌లలో మాటలు పడ్డ మనవాళ్లకు ఆ బార్‌లో మనసు తేలికపడుతుంది.

స్టడ్ అనే బార్ కూడా సోమాలోనే. 1966లో పుట్టింది, 2016లో పనిచేసే వాళ్లే కలిసి సహకార సంఘంగా కొనుక్కున్నారు, 2020లో కరోనాతో మూతపడింది, 2024లో ఫోల్సమ్ వీధిలో కొత్త చోట మళ్లీ తెరిచారు. వింత డ్రాగ్, ప్రయోగాలు, కుర్ర కళాకారులు కావాలంటే అక్కడికి. సెప్టెంబర్ ఆఖరి ఆదివారం ఫోల్సమ్ వీధి జాతరలో బట్టల్లేని మనుషులు, కొరడాలు నడివీధిలోనే కనిపిస్తాయి. తెలియక అమ్మానాన్నలతో ఆ దారిన వెళ్లి ఇబ్బంది పడొద్దు. కుటుంబంతో వెళ్లదగ్గది అక్టోబర్ మొదటి ఆదివారం కాస్ట్రో వీధి జాతర, హార్వే మిల్క్ 1974లో మొదలుపెట్టినది.

ఇప్పుడు ఈ ఊరి లోటు. కాస్ట్రో ప్రధానంగా మగవాళ్ల పేట, అందులోనూ తెల్లవాళ్ల పేట. ఆడవాళ్ల చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టాలి. 16వ వీధిలో మదర్ 2023లో వచ్చింది. మార్కెట్ వీధిలో ఆడవాళ్ల ఆటల కోసమే రిక్కీస్ 2025లో తెరిచారు. బెర్నల్ హైట్స్‌లో వైల్డ్ సైడ్ వెస్ట్ వెనక తోటలో కూర్చుంటే ఇంటి పెరట్లో ఉన్నట్టుంటుంది. అన్నిటికంటే మిషన్ వీధి దక్షిణాన ఉన్న ఎల్ రియో మా మొదటి ఎంపిక. 1978 నాటిది, వెనక పెద్ద పెరడు, నిమ్మచెట్టు, అన్ని రంగుల మనుషులు. మన రంగు వాళ్లు ఎవరూ తమకేసి ప్రత్యేకంగా చూడటం లేదని గమనించేది అక్కడే.

ట్రాన్స్ మనుషుల, అంటే పుట్టినప్పుడు ఆడ, మగ అని రాసిన గుర్తింపును దాటి బతికే వాళ్ల చరిత్ర టెండర్‌లాయిన్ పేటలో ఉంది. 1966 ఆగస్టులో టర్క్, టేలర్ వీధుల మూలన కాంప్టన్స్ కెఫెటేరియాలో పోలీసుల వేధింపు మీద ట్రాన్స్ స్త్రీలు తిరగబడ్డారు, న్యూయార్క్‌లో గే మనుషులు పోలీసుల మీద తిరగబడ్డ స్టోన్‌వాల్ ఘటన కంటే మూడేళ్లు ముందు. ఆ పేటను 2017లో ట్రాన్స్‌జెండర్ సాంస్కృతిక జిల్లాగా నగరం గుర్తించింది. పక్కనే ఆంట్ చార్లీస్ లౌంజ్ అనే ఇరుకు బార్‌లో పాతకాలపు డ్రాగ్ చూడొచ్చు. గది ఎంత చిన్నదంటే ఆర్టిస్టు చీర చెంగంత దూరంలో పాడుతుంది. ఆ వీధుల్లో రాత్రిపూట కాలినడక వద్దు, తలుపు దగ్గర దిగి తలుపు దగ్గరే ఎక్కండి. డ్రైవరు చూపులకు జంకే వాళ్లకు డ్రైవరే లేని వేమో కారు ఈ ఊళ్లో ఉంది.

మాట మర్యాద కొంచెం. తెలుగు పత్రికల్లో ఇప్పటికీ వాడే "స్వలింగ సంపర్కులు" అనే మాట వదిలేద్దాం, మనిషిని పడక దగ్గరికి కుదించే మాట అది. గే, లెస్బియన్, ట్రాన్స్, క్వీర్ అనండి, అవే వాళ్లు చెప్పుకునే పేర్లు. ఇంగ్లీషులో హీ, షీ, దే అని తమను ఎలా పిలవాలో చెప్తే అలాగే పిలవండి, తప్పితే సర్దుకుని ముందుకెళ్లండి, పది నిమిషాల క్షమాపణ వద్దు. మనకు తెలుగులో "తను" ఉంది, "గారు" ఉంది, ఆడా మగా తేల్చకుండానే మర్యాద చెయ్యగలిగిన భాష మనది. పెళ్లైన జంటలు, స్నేహితులు సరదాగా చూడ్డానికి వచ్చినా రానిస్తారు. అయితే అది వాళ్ల ఇంటి ముందుగది అనుకుని మెలగాలి. గుంపుగా వచ్చి వేళ్లు చూపిస్తూ నవ్వితే బయటికి పంపేస్తారు, పంపాల్సిందే.

ఫొటో విషయంలో గట్టిగా చెప్పాలి. బార్ లోపల తీసే ప్రతి ఫొటోలో వెనక ఎవరో ఒకరు పడతారు. ఆ ఒకరి ఇంట్లో ఇంకా తెలియకపోవచ్చు. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పడిన ఒక్క ఫొటో గుంటూరులో ఉన్న తల్లికి చేరడానికి అరగంట చాలు. వేదిక మీది వాళ్లను తీయొచ్చు, పక్క టేబులును కాదు. డేటింగ్ యాప్‌లో మీ దూరం చూపించే ఎంపికను ఆపేయండి. మొదటిసారి కలిసేవాళ్లను హోటల్ గదికి పిలిచేముందు బార్‌లోనో కాఫీ కొట్లోనో చూడండి. "ఆసియా వాళ్లు వద్దు" అని రాసుకున్న వాళ్లు ఎదురైతే వాదన వద్దు, బ్లాక్ చెయ్యండి.

వీసా మీద ఉన్నవాళ్లు రెండు విషయాలు గుండెల మీద రాసుకోవాలి. గంజాయి కాలిఫోర్నియాలో చట్టబద్ధం, కేంద్ర చట్టంలో నేరం. ఇమిగ్రేషన్ నడిచేది కేంద్ర చట్టం మీద. వాడానని ఒప్పుకున్నా వీసా చిక్కుల్లో పడుతుంది. రెండోది, తాగి కారు నడిపి అరెస్టయితే కేసు తేలకముందే వీసా రద్దు కావచ్చు, హెచ్ వన్ బీ అయినా ఎఫ్ వన్ అయినా. ఇక బార్‌లోనో పార్టీలోనో ఎవరో ఇచ్చిన పొడి, మాత్ర ఏదీ తీసుకోవద్దు. ఫెంటనిల్ అనే ఘాటైన మత్తుమందు కలిసి ఉంటే మొదటిసారే ప్రాణం పోవచ్చు. గ్లాసు చేతిలోనే ఉంచుకోండి.

ఆరోగ్యానికి ఈ ఊరు చేసినంత ఏర్పాటు అరుదు. 470 కాస్ట్రో వీధిలో స్ట్రట్ అనే కేంద్రం ఉంది, శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిడ్స్ ఫౌండేషన్ నడుపుతుంది. హెచ్ఐవీ, సుఖవ్యాధుల పరీక్షలు, హెచ్ఐవీ సోకకుండా ముందునుంచే వాడే ప్రెప్ మందు అక్కడే. నగరం నడిపే సిటీ క్లినిక్ 7వ వీధిలో ఉంది, వీసా ఏమిటని అడగరు. జాగ్రత్త లేకుండా కలయిక జరిగితే 72 గంటల్లోపు హెచ్ఐవీ సోకకుండా ఆపే పెప్ మందు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, సోమవారం దాకా ఆగుదామనుకోవద్దు. క్లినిక్ మూసి ఉంటే ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లి "పెప్ కావాలి" అని ఆ మాటతోనే అడగండి.

మనవాళ్ల తోడు కావాలంటే త్రికోణ్ ఉంది. 1986లో బే ఏరియాలో దక్షిణాసియా క్వీర్ మనుషులు పెట్టుకున్న సంస్థ, ఇలాంటి వాటిలో అతి పాతవాటిలో ఒకటి. వాళ్ల పార్టీలూ, సమావేశాలూ, జూన్ ఆఖరి ఆదివారం మార్కెట్ వీధి ప్రైడ్ ఊరేగింపూ చూసుకుని ప్రయాణం తేదీ పెట్టుకుంటే బార్‌లో పదిమంది కొత్తవాళ్లను కలిసే కంటే ఎక్కువ దొరుకుతుంది. ఇంట్లో చెప్పాక తల్లిదండ్రులకు మాట్లాడే మనిషి కావాలంటే దేశీ రెయిన్‌బో పేరెంట్స్ అండ్ అలైస్ అనే బృందంలో మన లాంటి తల్లులూ తండ్రులే ఉంటారు. ఇండియాలో 2018 సెప్టెంబర్ 6న గే సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ కోరలు తీసేశారు, 2023 అక్టోబర్‌లో పెళ్లి హక్కు మాత్రం రాలేదు. "మన దగ్గర నేరం కదా?" అని భయపడే పెద్దవాళ్లకు ముందు చెప్పాల్సింది ఈ మొదటి సంగతి.

ఇక ఇల్లు చేరడం. రాత్రి పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. వచ్చేటప్పుడు బే ఏరియా ఊళ్లను కలిపే బార్ట్ రైల్లో పవెల్ లేదా సివిక్ సెంటర్ దాకా వచ్చి, అక్కడే మెట్లు మారి నగరం నడిపే మ్యూని కే, ఎల్, ఎం రైళ్లలో ఏదైనా ఎక్కితే కాస్ట్రో స్టేషను పది నిమిషాలు. తొందర లేకపోతే నేల మీద నడిచే ఎఫ్ పాత ట్రాము ఎక్కండి, అద్దాల బార్ పక్కనే దిగుతారు. ఛార్జీ 3 డాలర్ల లోపు, క్లిప్పర్ అనే ప్రయాణ కార్డుతో రెండు గంటలు చెల్లుతుంది. బార్ట్ గేటు దగ్గర బ్యాంకు కార్డు తగిలించినా తెరుచుకుంటుంది.

తిరుగు ప్రయాణం అలా కాదు. బార్ట్ అర్ధరాత్రితో ఆగిపోతుంది, బార్లు 2 దాకా ఉంటాయి. మధ్యలో ఆ రెండు గంటలే ఉచ్చు. ఫ్రీమాంట్, మిల్‌పిటాస్ వాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి: పగలు నేరుగా వెళ్లే ఆకుపచ్చ లైను రాత్రి 9 తర్వాత ఉండదు. డబ్లిన్ వెళ్లే నీలం లైను ఎక్కి, బే ఫెయిర్‌లో దిగి, బెరియెస్సా వైపు నారింజ లైను పట్టాలి. బండిలో నిద్రపోతే డబ్లిన్‌లో తేలతారు, అక్కడి నుంచి వెనక్కి బండి ఉండదు. బే ఫెయిర్‌కు అలారం పెట్టుకోండి. సన్నీవేల్ వైపు వాళ్లకు కాల్‌ట్రెయిన్ ఆఖరి బండి కూడా అర్ధరాత్రి ప్రాంతంలోనే, అదీ నాలుగో వీధి, కింగ్ వీధి స్టేషను నుంచి. కాస్ట్రో నుంచి అక్కడికి చేరడానికే 40 నిమిషాలు లెక్కేసుకోండి. అంటే రైలు నమ్ముకున్నవాళ్లు 11 గంటలకు లేవాలి. 2 దాకా ఉండదలిస్తే ముందే గది తీసుకోండి. మార్కెట్ వీధి మీద బెక్స్ మోటర్ లాడ్జ్ లాంటివి బార్లకు నడక దూరంలో ఉన్నాయి. 2 గంటలకు బార్లన్నీ ఒకేసారి ఖాళీ అవుతాయి, ఉబర్ రేటు ఒక్కసారిగా లేస్తుంది, ఫ్రీమాంట్‌కు వంద డాలర్లు దాటినా ఆశ్చర్యం లేదు. నగరం లోపలే బస అయితే 24వ నంబరు బస్సు రాత్రంతా కాస్ట్రో మీదుగా నడుస్తుంది, ఆగే చోటు 18వ వీధి మూల మీదే.